షుగర్ మీటరులా ఒక్క రక్తపు చుక్కతో అల్జీమర్స్ తెలుస్తుందా?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తరువాత చదివేవాళ్లకి కూడా సంగతి అర్థమవ్వాలి కదా. మీకు భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. మీ అమ్మగారికి 68 ఏళ్లు, పదేళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఏడెనిమిది నెలలుగా అడిగిందే అడుగుతున్నారు, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నారు. మొన్న సంక్రాంతికి, ఏటా తానే చేసే పాకుండలకి పాకం ఎప్పుడు దించాలో తోచక గరిటె పట్టుకుని నిలబడిపోయారు. మీ ఊళ్లో పెట్టిన ఒక హెల్త్ క్యాంపులో, వేలి నుంచి చుక్క రక్తం తీసి చిప్ మీద వేస్తే అల్జీమర్స్ పదేళ్ల ముందే తెలిసిపోతుందని చెప్పి ఇంటిల్లిపాదినీ చేయించుకోమంటున్నారు. షుగర్ స్ట్రిప్ పనిచేస్తున్నప్పుడు ఇది మాత్రం ఎందుకు పనిచేయదని మీ తమ్ముడు అడుగుతున్నాడు.

ఆ చిప్ పరీక్ష చేయించవద్దండి. ఆ డబ్బుతో అమ్మగారికి బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించి న్యూరాలజిస్ట్‌కి చూపించండి. ఆ వివరం చివర్లో రాస్తాను. ఆగలేకపోతే ముందు అదే చదవండి.

మీ తమ్ముడు అడిగింది మాత్రం చాలా మంచి ప్రశ్న. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ల మీదే, అంటే ఒక పదార్థం ఎంతుందో కరెంటును బట్టి చెప్పే పరికరాల మీదే పనిచేశాను. ఇప్పుడు పాలకొల్లులో ఉంటున్నాను. మా నాన్నగారు పార్కిన్సన్స్‌తో తొమ్మిదేళ్లు గడిపారు. ముందుగా తెలిసి ఉంటే బాగుండేదన్న బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మీ చెరువు గట్టు మీదున్న డీఓ మీటరుతో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే మీటరుతో మొదలుపెడతాను. డీఓ మీటరు, షుగర్ మీటరు, క్యాంపులో మీకు చూపించిన చిప్, ఈ మూడూ ఒకే వంశానికి చెందినవి. 1956లో లీలాండ్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రోడ్‌ను లోకానికి చూపించారు. ప్లాటినం కొనకి సన్నటి పాలిథిన్ పొర తొడిగారు. ఆక్సిజన్ ఆ పొరలోంచి దూరి వెళ్లి ప్లాటినం దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. అప్పుడు పారే కరెంటును బట్టి ఆక్సిజన్ ఎంతుందో తెలుస్తుంది. మీ మీటరు కాంతితో కొలిచే కొత్త ఆప్టికల్ రకం కాకుండా, పొర మార్చాల్సిన పాత రకమైతే దాని లోపల జరిగేది సరిగ్గా ఇదే. 1962లో క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు అదే ఎలక్ట్రోడ్‌కి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ జోడించే పద్ధతి చెప్పారు. గ్లూకోజ్ ఎంత ఎక్కువ ఉంటే ఎంజైమ్ అంత ఆక్సిజన్ తినేస్తుంది, ఆ తగ్గుదలను బట్టి గ్లూకోజ్ లెక్క కట్టవచ్చు. అమ్మగారు వాడే షుగర్ స్ట్రిప్ ఆ ఎలక్ట్రోడ్‌కి మనవరాలి వరస.

క్లార్క్ ప్లాటినానికి పొర ఎందుకు తొడగాల్సి వచ్చిందో మీకు ఇట్టే అర్థమవుతుంది. ప్రోబ్‌ను రెండు రోజులు చెరువులోనే వదిలేస్తే ఏమవుతుంది? పాచి, జిగురు పట్టేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ 5 ఉన్నా మీటరు 3 చూపిస్తుంది. మీరు ఆ అంకె నమ్మి అర్ధరాత్రి లేచి ఏరేటర్లన్నీ వేయిస్తారు. ఎలక్ట్రోడ్‌కి రక్తం కూడా అలాంటి చెరువే. అందులో పాచి బదులు ప్రోటీన్లుంటాయి. ఒక్క అల్బుమినే ప్లాస్మా మిల్లీలీటరుకి 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. శుభ్రమైన బంగారపు ఎలక్ట్రోడ్‌ను అందులో ముంచితే నిమిషాల్లోనే దాన్ని కప్పేస్తుంది. నా ఉద్యోగ జీవితంలో సగం ఈ పాచి గొడవతోనే గడిచింది.

ఇప్పుడు లెక్క చూడండి. పరగడుపున షుగర్ 100 ఉందంటే మిల్లీలీటరు రక్తంలో ఒక మిల్లీగ్రాము గ్లూకోజ్ ఉన్నట్టు. అల్జీమర్స్‌కి ఇప్పుడు రక్తంలో అన్నిటికన్నా నమ్మదగినదిగా తేలింది పీ-టౌ 217 అనే ప్రోటీన్. మెదడు కణాల్లో ఉండే టౌ అనే ప్రోటీన్‌కి ఒక నిర్దిష్టమైన చోట ఫాస్ఫేట్ అతుక్కుంటే వచ్చే రూపం ఇది. రక్తంలో ఇది మిల్లీలీటరుకి ఒక పికోగ్రాము, చాలామందిలో అంతకన్నా తక్కువే. ఒక మిల్లీగ్రాములో 100 కోట్ల పికోగ్రాములుంటాయి. అంటే గ్లూకోజ్‌తో పోలిస్తే మనం వెతికేది వంద కోట్లలో ఒక వంతు. అల్బుమిన్‌తో పోలిస్తే 4,000 కోట్లలో ఒక వంతు. షుగర్ స్ట్రిప్ చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో కొలుస్తుంటే, ఈ చిప్ అదే చెరువులో ఎవరో జారవిడిచిన ముక్కుపుడకను వెతకాలి.

ఇంకో తేడా కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. గ్లూకోజ్ దగ్గర పనిచేసే ఎంజైమ్ ఒక అణువును మార్చి వదిలేసి వెంటనే ఇంకో అణువును పట్టుకుంటుంది. సెకనుకి వందల సార్లు అదే పని చేస్తూ ఉంటుంది కాబట్టి కరెంటు బాగా వస్తుంది. టౌని పట్టుకోవడానికి యాంటీబాడీ, అంటే ఒక్క దాన్నే గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్, కావాలి. యాంటీబాడీ ఒకసారి పట్టుకుంటే పట్టుకున్నదే, అక్కడితో దాని పని అయిపోతుంది, కరెంటేమీ పుట్టదు. అందుకని ఒక దారి కనిపెట్టారు. ప్రోటీన్ వచ్చి అతుక్కుంటే ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటుకి అడ్డు పెరుగుతుంది కదా, ఆ అడ్డునే కొలుద్దామన్నారు. దీన్ని ఇంపీడెన్స్ పద్ధతి అంటారు. చూడ్డానికి ఎంతో సులువు, ఖర్చు తక్కువ, కడగడాలు లేవు. క్యాంపుల్లో చూపించే చిప్‌లు ఎక్కువగా ఈ మాటే చెబుతాయి. కానీ టౌ అతుక్కున్నా అడ్డే, అల్బుమిన్ అతుక్కున్నా అడ్డే. మీటరుకి ఆ రెండింటి తేడా తెలియదు.

దీనికి నేనే సాక్ష్యం. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమైలాయిడ్ బీటా 42 అనే ప్రోటీన్ కోసం అలాంటి ఎలక్ట్రోడ్ ఒకటి చేశాను. ఉప్పునీటి బఫర్‌లో అద్భుతంగా పనిచేసింది, గ్రాఫ్ మీద గీత స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. తరువాత బజారులో కొన్న సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే నీరు) అదే ప్రోటీన్ కలిపి చూస్తే కొంచెం వంకర వచ్చింది, సర్దుకున్నాం. చివరికి నిజమైన రోగుల సీరం, వాళ్ల ఈడు ఆరోగ్యవంతుల సీరం పక్కపక్కన పెట్టి చూస్తే రెండు గుంపుల అంకెలూ కలిసిపోయాయి. ఆరు నెలల పని పోయింది. అప్పటి నుంచి ఎవరు సెన్సర్ చూపించినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: కొలిచింది బఫర్‌లోనా, కలిపిన సీరంలోనా, జబ్బున్న మనిషి రక్తంలోనా? పరిశోధన పత్రాల్లో ‘ఫెమ్టోగ్రాము (పికోగ్రాములో వెయ్యో వంతు) దాకా కొలవగలం’ అనే వాక్యాలు చాలావరకు మొదటి రెండింటి నుంచి వచ్చినవే. మీ తమ్ముడు పంపిన వార్తల్లో కూడా ఈ ఒక్క విషయం చూడమనండి.

ఇలా రాశానని ఈ దారి మూసుకుపోయిందని అనుకోకండి. నాకు దీని మీద గట్టి నమ్మకం ఉంది, లేకపోతే ఇన్నేళ్లు చేసేవాణ్ణి కాదు. పాచిని వదిలించుకునే మంచి ఉపాయం ఒకటుంది. యాంటీబాడీలను ఎలక్ట్రోడ్ మీద కాకుండా సన్నటి అయస్కాంతపు పూసల మీద పెడతారు. ఆ పూసలను రక్తంలో కలుపుతారు. అవి టౌని పట్టుకున్నాక అయస్కాంతంతో వాటిని పక్కకి లాగి, మిగతా రక్తాన్నంతా పారబోసి శుభ్రంగా కడుగుతారు. ఆ తరువాత టౌకి రెండో వైపు అతుక్కునే ఇంకో యాంటీబాడీ వేస్తారు, దానికి ఒక ఎంజైమ్ కట్టి ఉంటుంది. అలా షుగర్ స్ట్రిప్‌లో లాగే అలసిపోని ఎంజైమ్ మళ్లీ చేతికొస్తుంది. ఒక్కో టౌకి వేల అణువులు తయారై కరెంటు కనిపిస్తుంది. ఎలక్ట్రోడ్ అసలు రక్తం మొహమే చూడదు. అచ్చువేసిన కార్బన్ స్ట్రిప్‌లు చవక, మీటరు అరచేతిలో పడుతుంది. ఖర్చంతా యాంటీబాడీలకి, వాటిని 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచడానికి, కడిగే పనికి అవుతుంది. మే నెలలో మన డెల్టా ఉక్కపోతలో కరెంటు పోయిన రోజున ఆ స్ట్రిప్‌లు ఏమవుతాయో ఆలోచించకుండా చేసిన సెన్సర్ ఇక్కడ పనికిరాదని నా అభిప్రాయం.

పెద్ద ల్యాబుల్లో ఇలాంటి పని ఇప్పటికే జరుగుతోంది. రోష్ కంపెనీ ఎలెక్సిస్ పరీక్షల్లో పట్టుకోవడానికి అయస్కాంతపు పూసలే ఉంటాయి, యాంటీబాడీకి రుథేనియం అనే లోహం కట్టి ఎలక్ట్రోడ్ మీద వోల్టేజ్ ఇస్తే వెలుగు వస్తుంది, ఆ వెలుగును కొలుస్తారు. వెన్నునీటిలో అమైలాయిడ్, టౌ కొలిచే ఎలెక్సిస్ పరీక్షలకి అమెరికా ఎఫ్‌డీఏ 2022లోనే అనుమతి ఇచ్చింది. రక్తం విషయంలో 2025 మే నెలలో ఫుజిరెబియో వాళ్ల లుమిపల్స్‌కి మొదటి అనుమతి వచ్చింది. ఇది ఎలక్ట్రోడ్ లేకుండా రసాయనపు వెలుగుతో పనిచేస్తుంది, పీ-టౌ 217కీ అమైలాయిడ్ బీటా 42కీ ఉన్న నిష్పత్తి చూస్తుంది. ఆ అనుమతి 55 ఏళ్లు దాటి, మతిమరుపు లక్షణాలు కనిపిస్తున్నవాళ్లకి, జ్ఞాపకశక్తి జబ్బులు చూసే డాక్టర్ల దగ్గర వాడటానికే ఇచ్చారు. ఏ బాధా లేని మనిషికి క్యాంపులో చేయడానికి కాదు. అందులో కూడా రక్తం నరంలోంచి తీసి ప్లాస్మా వేరుచేస్తారు, వేలి చుక్క సరిపోదు.

ఇక పార్కిన్సన్స్ మాట. మీరు అడగలేదు కానీ, ఆ క్యాంపు కాగితంలో ‘డోపమిన్ పరీక్షతో పార్కిన్సన్స్ కూడా’ అని ఉందన్నారు కాబట్టి రాయాలి. డోపమిన్ అంటే మెదడు కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే రసాయనం, పార్కిన్సన్స్‌లో మెదడులో అది తగ్గిపోతుంది. దాన్ని కొలవడం మా రంగంలో అందరికీ ఇష్టమైన పని. కార్బన్ ఎలక్ట్రోడ్ మీద చిన్న వోల్టేజ్‌కే ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, యాంటీబాడీ కూడా అక్కర్లేదు. విటమిన్ సి, యూరిక్ యాసిడ్ కూడా ఇంచుమించు అదే వోల్టేజ్‌లో అడ్డొస్తాయి కానీ, పైన నాఫియాన్ లాంటి పొర వేసి వాటిని ఆపవచ్చు. అందుకే గ్రాఫీన్ మీద, నానో బంగారం మీద డోపమిన్ సెన్సర్ల పత్రాలు లెక్కలేనన్ని వస్తుంటాయి. వాటిలో చాలావాటి మొదటి పేరాలోనే ‘పార్కిన్సన్స్ ముందస్తు గుర్తింపు కోసం’ అని ఉంటుంది. ఈ వాక్యం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. డోపమిన్‌కి రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న గోడ దాటే శక్తి లేదు. పార్కిన్సన్స్ మందుగా డోపమిన్ ఇవ్వకుండా మెదడులోకి వెళ్లి డోపమిన్‌గా మారే లెవోడోపా ఇచ్చేది కూడా ఈ కారణం వల్లే. రక్తంలో కనిపించే డోపమిన్ ఒంట్లో వేరే చోట్ల తయారయ్యేది. మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమిన్ తయారుచేసే కణాలు ఎన్ని చచ్చిపోయాయో అది చెప్పలేదు. సెన్సర్ ఎంత బాగున్నా, అది కొలిచే చోట జబ్బు ఆనవాలే లేకపోతే ఏం లాభం?

పార్కిన్సన్స్‌లో నిజంగా ముందడుగు వేరే చోట పడింది. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ తప్పుగా మడతపడి, పాలకి తోడు వేసినట్టు పక్కవాటిని కూడా తనలా మార్చేస్తుంది. వెన్నునీటిలో ఆ ‘తోడు’ ఉందో లేదో చూసే పరీక్షను వెయ్యిమందికి పైగా మనుషుల మీద చేసి 2023లో ఫలితాలు ప్రకటించారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో నూటికి 88 మందిని అది పట్టుకుంది. దాన్ని ప్రస్తుతం మెరిసే రంగుతో చూస్తారు.

మా నాన్నగారి విషయం ఒక్కటి చెబుతాను. ఆయనకి మొదట కుడి భుజం పట్టేసింది. ఒక ఆసుపత్రిలో రెండేళ్లు భుజానికి ఇంజెక్షన్లు, ఫిజియోథెరపీ చేశారు. చేతిరాత చిన్నదైపోవడం, ములక్కాడ పులుసు వాసన తెలియకపోవడం, నిద్రలో అరిచి చేతులు విసరడం, ఇవన్నీ ఇంట్లో మేం చూస్తూనే ఉన్నాం, కానీ ఎవరూ కలిపి చూడలేదు. అవి కలిపి చూసి ఉంటే ఏ చిప్పూ లేకుండానే అనుమానం వచ్చేది. తరువాత లెవోడోపా మొదలయ్యాక ఆయనకి పెద్ద కష్టం, మందు ఎప్పుడు దిగిపోతుందో తెలియకపోవడం. చేపల కూర, పప్పు గట్టిగా తిన్న రోజు మందు సరిగా ఒంటికి పట్టేది కాదు. ప్రోటీన్ దాన్ని పేగులో అడ్డుకుంటుంది. నా అసలు ఆశ ఇక్కడే ఉంది. లెవోడోపా కూడా డోపమిన్ లాగే ఎలక్ట్రోడ్ మీద నేరుగా కరెంటు ఇస్తుంది. పైగా మందు వేసుకున్నాక రక్తంలో మిల్లీలీటరుకి మైక్రోగ్రాము స్థాయిలో ఉంటుంది, పీ-టౌ కన్నా పది లక్షల రెట్లు ఎక్కువ. ఒంటికి అతికించుకునే లెవోడోపా సెన్సర్ల మీద పని జరుగుతోంది. జబ్బు ముందుగా చెప్పడం కాదు కానీ, జబ్బుతో బతికే మనిషి రోజును నిలబెట్టే పని అది. దాన్ని నేను తక్కువ పనిగా చూడను.

మళ్లీ మీ క్యాంపు దగ్గరికి. ఆ చిప్ నిజంగానే బాగుందనుకుందాం, జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందిని పడుతుంది, లేనివాళ్లలో నూటికి 90 మందికి సరిగ్గా లేదని చెబుతుంది. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నీ కలిపి) నూటికి 7.4 అని ఒక పెద్ద సర్వే అంచనా వేసింది. మీ చుట్టుపక్కల ఊళ్లలో 60 దాటిన 1,000 మందికి పరీక్ష చేస్తే, జబ్బున్న 74 మందిలో 67 మంది దొరుకుతారు. జబ్బు లేని 926 మందిలో 93 మందికి కూడా ఉందని వస్తుంది. మొత్తం 160 మందిని భయపెడితే అందులో సగానికి పైగా ఏ జబ్బూ లేనివాళ్లు. మీలాంటి నలభై ఏళ్లవాళ్లకి చేస్తే ఈ లెక్క ఇంకా ఘోరంగా ఉంటుంది. దీనికి తోడు కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పీ-టౌ, న్యూరోఫిలమెంట్ అనే ఇంకో ప్రోటీన్ కూడా పెరుగుతాయి. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఈ అంకె చూడటం పొర కడగకుండా డీఓ చూడటం లాంటిది.

అందుకే 2025 జులైలో అల్జీమర్స్ అసోసియేషన్ ఇచ్చిన సూచనల్లో కూడా, ఈ రక్త పరీక్షలు లక్షణాలున్నవాళ్లకి స్పెషలిస్టుల దగ్గరే వాడమన్నారు. లేదని తేల్చుకోవడానికి వాడే పరీక్షకి 90 శాతం సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లని పట్టుకోవడం), 75 శాతం స్పెసిఫిసిటీ (లేనివాళ్లకి లేదని చెప్పడం) ఉండాలన్నారు. ఉందని ఖాయం చేయాలంటే రెండూ 90కి తగ్గకూడదన్నారు. మీ క్యాంపువాళ్లని ఈ రెండు అంకెలూ, అవి ఎంతమంది రోగుల మీద తేలాయో అడగండి. కాగితం మీద చూపించలేకపోతే అక్కడితో మాట ఆపేయండి.

ఇప్పుడు అమ్మగారి సంగతి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గడం చాలా మామూలు. బి12 లోపం వల్ల వచ్చే మతిమరుపు అచ్చం ఇలాగే మొదలవ్వొచ్చు, ముందుగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో కుదుటపడే అవకాశం ఉంది. కాబట్టి ఈ వారమే బి12, టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్‌తో పూర్తి రక్త పరీక్ష, సోడియం, క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ చేయించండి. ఇవన్నీ భీమవరంలోనే అవుతాయి. షుగర్ మరీ పడిపోయే మందులేమైనా ఉన్నాయేమో చూడండి, తెల్లవారుజామున షుగర్ పడిపోయినా మనిషి తికమకపడతారు. నిద్రమాత్రలు, దురదకి వాడే మాత్రలు కూడా మతిమరుపు పెంచుతాయి, వాడే ప్రతి మాత్రా అట్టతో సహా సంచిలో వేసుకెళ్లండి. ఈ మధ్య తల తగిలేలా ఎక్కడైనా జారిపడ్డారా? చిన్న దెబ్బే అనుకున్నా, మెదడు పైన నెమ్మదిగా రక్తం చేరవచ్చు, స్కాన్‌లో అది తెలుస్తుంది. నాన్నగారు పోయి ఏడాది అయిందని రాశారు. దిగులు కూడా మతిమరుపులా కనిపిస్తుంది, ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి. చెవి వినిపిస్తోందో లేదో కూడా చూపించండి. వినబడని మాట గుర్తుండదు. పైగా వినికిడి లోపం డిమెన్షియా ముప్పును పెంచే వాటిలో ఒకటి, మిషన్ పెట్టించుకుంటే సరిదిద్దగలిగినది.

ఈ రిపోర్టులతో కాకినాడలోనో, విజయవాడలోనో న్యూరాలజిస్ట్‌ని కలవండి. జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో చేయమని అడగండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) తయారుచేసిన ప్రశ్నావళి తెలుగులో ఉంది. అమ్మగారు అయిదో తరగతి దాకానే చదువుకున్నారు కదా, ఇంగ్లిష్ నుంచి అప్పటికప్పుడు తిప్పి అడిగే ప్రశ్నలకి తడబడితే అది జబ్బు కిందకి రాదు. పాకుండల సంగతి మాత్రం మరిచిపోకుండా చెప్పండి. యాభై ఏళ్లుగా చేతికి అలవాటైన పని తప్పడం మిగతా లక్షణాలకన్నా ముఖ్యమైన గుర్తు. అన్నీ చూశాక డాక్టరే పీ-టౌ పరీక్షో, ఎంఆర్‌ఐయో రాస్తే అప్పుడు చేయించండి, ఆ అంకెకి అప్పుడు అర్థం ఉంటుంది.

మీరూ మీ చెల్లెలూ చేయించుకోవాలా అన్నారు. వద్దు. లక్షణాలు లేనివాళ్లకి ఈ పరీక్షలో ఎక్కువ అని వచ్చినా ఇవాళ ఇవ్వగలిగిన మందు లేదు. లెకానెమాబ్, డొనానెమాబ్ అనే కొత్త మందులు కూడా జబ్బు మొదలైనవాళ్లకే ఇస్తారు. అవి జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి అంతే, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చాయేమోనని పదేపదే ఎంఆర్‌ఐ చూస్తూ ఉండాలి. ఒక అంకె పట్టుకుని ఇరవై ఏళ్లు టెన్షన్ పడటం తప్ప మీకు మిగిలేది లేదు. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోండి, పొగ తాగుతుంటే మానేయండి.

బి12 రిపోర్టు రాగానే ఇంజెక్షన్లు మీరే మొదలుపెట్టకుండా, అంకెతో పాటు ల్యాబువాళ్లు ఇచ్చిన మామూలు హద్దులు కూడా ఇక్కడ రాయండి. చూసి చెబుతాను.